పదకొండు సెకన్ల కాల్

అబద్ధాలంటే పెద్దాయనకి కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మిగిలింది ఒట్టి అలసట. ఎదుటివాళ్ళు అబద్ధం మొదలుపెట్టగానే, ఇది ముగిసేసరికి ఎంతసేపు పడుతుందో అని గడియారం చూసుకుంటాడు. ఇప్పుడూ అదే చేశాడు. ఒంటిగంటా పది.

"ఆ కాల్ నాకు రాలేదు సార్," అంది ఆపరేటరమ్మాయి మూడోసారి.

అత్యవసర కాల్స్ కేంద్రంలో పన్నెండు సీట్లు, ఏడుగురు మనుషులు. పిల్లకి ఇరవై నాలుగేళ్ళుంటాయి. హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని కూర్చుంది. సాయంత్రానికి సస్పెన్షన్ కాగితం, రేపు పొద్దున పోలీసులు అని ఆఫీసర్లు ఖాయం చేసేశారు. అయినా సీట్లో కూర్చోబెట్టే మనిషి ఇంకొకరు లేక ఆమెనే కూర్చోబెట్టారు. మన ఆఫీసుల న్యాయం అలాగే ఉంటుంది, ఉరి తీసేముందు కూడా డ్యూటీ చేయించుకుంటుంది.

టెలికాం నియంత్రణ సంస్థలో విచారణ విభాగం అంటే పెద్దాయన, ఒక కుర్చీ, తాళం పడని ఒక బీరువా. రిటైర్మెంటుకి నలభై ఒక్క రోజులుంది. లైన్‌మన్‌గా స్తంభాలెక్కి మొదలైన ఉద్యోగం ముప్ఫై నాలుగేళ్ళకి ఇక్కడికి చేరింది. మోకాళ్ళు అప్పుడే అరిగాయి, ఓపిక ఆ తర్వాత అరిగింది.

కేసు చూడ్డానికి చిన్నదే. మంగళవారం పొద్దున, ముప్ఫై ఎనిమిదేళ్ళ టైలరమ్మ ఒకావిడకి కుట్టుమిషను ముందే ఆయాసం ముంచుకొచ్చింది. సెల్లు లోపలి గదిలో చార్జింగులో ఉంది. చేతికందింది బల్లమీది ఇంటి ఫోనే. అత్యవసర నంబరుకి మూడుసార్లు చేసింది. పదకొండూ ఏడుకి, పదకొండూ తొమ్మిదికి, పదకొండూ పన్నెండుకి. మూడూ ఈ పిల్ల సీటుకే కలిశాయని ఫోను కంపెనీ కంప్యూటరు చెప్తోంది. అంబులెన్సు మాత్రం కదల్లేదు. ఒంటిగంటన్నరకి అన్నానికొచ్చిన భర్త, లిఫ్టులు బాగుచేసే మనిషి, తలుపు తీసేసరికి రిసీవరు ఆవిడ ఒళ్ళో ఉంది. కేంద్రం రిజిస్టర్లో మాత్రం ఆ ఉదయం ఆవిడ పేరుమీద ఒక్క గీత కూడా లేదు. ఆపరేటర్ నిద్రపోయింది, కేసు అయిపోయింది అన్నారు పోలీసులు.

"కాల్ రాలేదంటున్నావు, సరే. మొదటిది తొమ్మిది సెకన్లు, రెండోది పదకొండు, మూడోది ఎనిమిది. ఎనిమిది సెకన్లలో నువ్వేం మాట్లాడగలవమ్మా?"

"ఏమీ మాట్లాడలేను సార్. అడ్రసు అడగడానికే ఇరవై పడుతుంది."

"మరి ఎనిమిది సెకన్లలో అయిపోయే మాట ఏదైనా ఉందా, మీ దగ్గర?"

ఆ పిల్ల కళ్ళు గోడ మీదికెళ్ళి వెంటనే తిరిగొచ్చేశాయి. అర సెకను కూడా పట్టలేదు. కానీ ముప్ఫై నాలుగేళ్ళు ఇలాంటి అర సెకన్ల మీదే బతికినవాడు పెద్దాయన. లేచి, మోకాలు పట్టుకుని, గోడ దగ్గరికి నడిచాడు.

గోడమీద అద్దం ఫ్రేములో పసుపెక్కిన కాగితం. ఫ్రేము చిన్నదై, అడుగుభాగం కత్తిరించి బిగించారు. 'ఎక్స్ఛేంజి చిరునామా నుండి వచ్చు కాల్సు పరీక్షా కాల్సుగా భావించి, టెస్ట్ ఓకే అని చెప్పి, పది సెకన్లలోపు లైను విడుదల చేయవలెను.'

ఆ వాక్యం ఎక్కడో విన్నట్టనిపించింది. ఆఫీసు భాషంతా ఒక్కలాగే ఏడుస్తుంది కదా అనుకుని వదిలేశాడు.

"ఇది ఎవరు పెట్టించారు?"

"మేం చేరకముందు నుంచీ ఉంది సార్. ట్రైనింగులో మొదటిరోజే చెప్తారు." గొంతు తగ్గింది. "ఇప్పుడు ఇళ్ళల్లో ఫోన్లు కొత్త పెట్టెల మీదికి మారుస్తున్నారు కదా. మార్చిన ప్రతిచోటా టెక్నీషియన్లు మాకు ఒక టెస్ట్ కాల్ చేస్తారు. రోజుకి నలభై, యాభై. స్క్రీను మీద ఎక్స్ఛేంజి అడ్రసు పడుతుంది. వాళ్ళేమీ మాట్లాడరు. మేం టెస్ట్ ఓకే అనేసి పెట్టేస్తాం."

"రిజిస్టర్లో రాయరా?"

"టెస్ట్ కాల్సు రాయం సార్. పది సెకన్ల లోపువి రికార్డు కూడా ఉండవు."

"పదకొండు సెకన్లది ఉంటుందిగా," అన్నాడు పెద్దాయన.

మూడు రోజులుగా ఆ రికార్డింగు అక్కడే ఉందని ఆమెకీ తెలుసు. వినే ధైర్యం లేక తెరవలేదంతే. పెద్దాయన ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె మంగళవారం జాబితా తెరిచి, పదకొండూ తొమ్మిది మీద నొక్కింది.

ముందు నిశ్శబ్దం. తర్వాత ఈలలాంటి ఊపిరి, సన్నగా, తెగి తెగి. మాట రావట్లేదు. ఆ తర్వాత రిసీవరు మీద వేలితో తట్టిన చప్పుడు. టక్ టక్. ఆగి, మళ్ళీ టక్ టక్. దాని మీద ఈ పిల్ల గొంతే, హుషారుగా, పని తెమిలిపోతున్న సంతోషంతో: "టెస్ట్ ఓకే అన్నా!"

లైను తెగిపోయింది.

ఆపరేటరమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. "నేను అన్నా అన్నాను సార్," అంది. "ఆవిడ చచ్చిపోతుంటే... నేను అన్నా అన్నాను."

పెద్దాయనకి ఓదార్చడం చేతకాదు. ఇంట్లోనూ అదే ఫిర్యాదు. మంచినీళ్ళ సీసా ఆమె ముందుకి జరిపాడు. "నువ్వు నిద్రపోలేదు. ఆ మాట నేను రాస్తాను. ఒక పని చెయ్యి. ఈ క్షణం నుంచి ఎక్స్ఛేంజి అడ్రసు మీద ఏ కాల్ వచ్చినా, మాట వినిపించినా వినిపించకపోయినా, కట్ చెయ్యకు. నాకు ఫోన్ చెయ్యి. మిగతా ఆరుగురికీ చెప్పు."

టైలరమ్మ ఇంటినుంచి చేసిన కాల్ ఎక్స్ఛేంజి అడ్రసు మీద ఎందుకు పడింది? తీగ దొరికింది. ఇక డొంక కదిలించాలి. సాయంత్రం నాలుగింటికి మిగిలిన లైన్లన్నీ ఒక్కసారిగా కొత్త నెట్‌వర్కు మీదికి మారుస్తామని కంపెనీ పేపర్లో వేసుకుంది. ఇప్పటికి మారినవి రెండువేల మూడొందలు. మిగిలినవి ఆరువేల ఎనిమిదొందలు.

ఎక్స్ఛేంజి భవనం చేరేసరికి మూడు దాటింది.

ఒకప్పుడు ఈ హాలంతా ఇనప ర్యాకులు, వాటి నిండా రాగితీగలు. ఇప్పుడు నేలమీద ర్యాకులు పీకిన గుంటలున్నాయి, ఒక మూల బీరువాంత కొత్త మిషను పచ్చ దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ ఉంది. పదివేల ఫోన్ల పని అదొక్కటే చేస్తుందట. గుమ్మం పక్కన ఆరు గోనెమూటలు, మూతులు కుట్టి, ఒక్కోదాని మీద సుద్దతో అంకె వేసి ఉన్నాయి. పదిహేను, పదహారు, పదిహేడు... ఇరవై దాకా. చిరుగులోంచి అట్టకార్డొకటి బయటికి తొంగిచూస్తోంది. పెద్దాయన దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. లైను కార్డు. ఒక్కో ఫోనుకి ఒక్కో కార్డు, నంబరూ పేరూ ఇంటి అడ్రసూ ఏ స్తంభమో కూడా. వాటిలో సగం తన చేత్తో రాసినవే. కాగితాల మిల్లుకి పోతున్నాయి కాబోలు.

మిషను ముందు కూర్చున్న టెక్నీషియన్, నలభై ఐదేళ్ళ మనిషి, ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"కొత్త లైను ఎక్కించడం చూపించు," అన్నాడు పెద్దాయన.

టెక్నీషియన్ కీబోర్డు కొట్టాడు. నంబరు, పెట్టె నంబరు, తర్వాత చిరునామా గడి. వేళ్ళు ఆలోచించకుండానే 'ఎక్స్ఛేంజి భవనం, మొదటి అంతస్తు' అని కొట్టేశాయి. ఆ తర్వాతగానీ చేసింది అతనికి తెలియలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఖాళీగా వదిలితే స్క్రీను ముందుకి పోదు సార్. ఏదో ఒకటి కొట్టాలి. రోజుకి నూట ఇరవై లైన్లు మార్చకపోతే మర్నాడు రావద్దంటారు. అడ్రసులు కార్డుల్లో ఉన్నాయి, కార్డులు చూసి ఎక్కించే పని మా కాంట్రాక్టులో లేదు. తర్వాత ఎవరో సరిచేస్తారన్నారు."

"ఎవరు?"

"అది చెప్పలేదు సార్."

"నేను చెప్తాను గురువుగారూ," అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది.

కంపెనీ భద్రతాధికారి. పదిహేనేళ్ళ కింద పెద్దాయన దగ్గర కేసు డైరీ రాయడం నేర్చుకుని, నేర్చుకున్నదంతా పట్టుకుని అవతలి పక్షంలో చేరినవాడు. ఇప్పటికీ ఆఫీసులో వాణ్ణి శిష్యుడనే అంటారు. మంచి కోటు వేసుకున్నాడు. చేతిలో ఒక ఫైలుంది.

"ఎవరూ సరిచెయ్యక్కర్లేదు. మీ నిబంధన మీరే చదువుకోండి. టెలిఫోను సేవ అందించేవారు కాల్‌తో పాటు చిరునామా అందించవలెను. మేం అందించేది టెలిఫోను సేవ కాదు, ఇంటర్నెట్టు. అందులో మాటా పోతుంది, సినిమా కూడా పోతుంది."

"ఆవిడ సినిమా చూడ్డానికి ఫోన్ చెయ్యలేదయ్యా."

"ఫోను లైసెన్సు ఒక కంపెనీది, నెట్టు లైసెన్సు ఒకదానిది, టీవీ లైసెన్సు మూడోదానిది. యజమాని ఒకడే కావచ్చు, చట్టం ముందు ముగ్గురూ ఎవరికి వారే."

"తీగ ఒక్కటేగా?"

"ఒక్కటే. అందుకే అది ఎవరిదీ కాదు." శిష్యుడు నవ్వలేదు. వాడికీ ఈ మాట వెయ్యిసార్లు చెప్పి విసుగొచ్చినట్టుంది. "మూడూ ఒకటైపోయాక ఎలా నడవాలో కొత్త నిబంధనలు రాస్తామని మీ సంస్థే ఆరేళ్ళుగా ముసాయిదా నలుపుతోంది. అది రానివ్వండి, అక్షరం తప్పకుండా పాటిస్తాం."

తిలా పాపం తలా పిడికెడు. అందులో తన ఆఫీసు పిడికిలి చిన్నదేం కాదని పెద్దాయనకి తెలుసు. ఆ ముసాయిదా కట్ట తన బీరువా మీదే ఉంది. రెండుసార్లు దానిమీద టీ గ్లాసు పెట్టాడు కూడా.

"నాలుగింటి మార్పు ఆపేస్తున్నాను," అన్నాడు. "ఉత్తర్వు ఇక్కడే రాస్తాను. అడ్రసులు ఎక్కేదాకా ఒక్క లైను మారడానికి వీల్లేదు."

"రాయండి. కారణం ఏమని రాస్తారు? కేంద్రంలో టెస్ట్ ఓకే అనే అలవాటు వల్ల మనిషి పోయిందని రాయాలి. ఆ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా రాయాలి." శిష్యుడు ఫైలు తెరిచి ఒక కాగితం బల్లమీద పెట్టాడు. "గోడమీది కాగితానికి అడుగుభాగం కోసేశారు. పాత ఫైల్లో మొత్తం ఉంది."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. అవే వాక్యాలు. వాటికింద, పందొమ్మిదేళ్ళ కిందటి తేదీ, టెస్టు రూము సూపర్‌వైజరు అన్న ముద్ర. దానిమీద నిటారుగా, పొగరుగా, ఓపిక అరగని రోజుల్లో పెట్టిన తన సంతకం.

అంతా గుర్తొచ్చింది. అప్పట్లో టెస్టు కాల్సు చేసేది ఈ గదిలోంచే, ఇంజినీర్లే. వాళ్ళు అత్యవసర లైన్లు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటుంటే ఒకరోజు గుండెనొప్పి వచ్చిన మనిషొకడు లైను దొరక్క పోయాడు. ఆ రాత్రి నిద్రపట్టక, మర్నాడు పొద్దున్నే వచ్చి ఈ ఉత్తర్వు రాశాడు. ఇంకో మనిషి పోకూడదని రాశాడు. మంచి పని చేశానని పందొమ్మిదేళ్ళు హాయిగా మర్చిపోయాడు కూడా.

"మిమ్మల్ని అవమానించాలని కాదు," అన్నాడు శిష్యుడు, నిజంగానే మెత్తగా. "ఆపరేటరు నిర్లక్ష్యం అని రాయండి. నాలుగింటికి మా పని మాది. నలభై రోజుల్లో మీ దండ, మీ పెన్షను మీకు. ఉత్తర్వు రాశారంటే మాత్రం విచారణలో మొదటి సాక్ష్యం ఈ కాగితమే."

పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. లేవాలనిపించలేదు. ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది. ఒక్క వాక్యం రాస్తే చాలు, పడుకోవచ్చు. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు, ఇంకో ఉద్యోగం దొరకకపోదు. ఈ ఆలోచన తనకే వచ్చిందని తెలిసి సిగ్గుపడ్డాడు. కలం తీశాడు.

మూడూ ముప్ఫై ఒకటికి ఫోను మోగింది.

"సార్!" ఆపరేటరమ్మాయి. "ఎక్స్ఛేంజి అడ్రసు మీద కాల్. మాట లేదు. మూలుగు వినిపిస్తోంది. నేను కట్ చెయ్యలేదు సార్. అంబులెన్సు సిద్ధంగా ఉంది, ఎక్కడికి పంపమంటారు?"

"నంబరు చెప్పు."

"చివర్న ఎనభై ఆరు ముప్ఫై తొమ్మిది."

టెక్నీషియన్ అప్పటికే కొట్టేశాడు. స్క్రీను మీద ఎక్స్ఛేంజి భవనం, మొదటి అంతస్తు అని పడింది. తాము నిలబడ్డ చోటే.

"బిల్లు అడ్రసు తీయించు!" అని శిష్యుడి మీద అరిచాడు పెద్దాయన.

"బిల్లులు వేరే కంపెనీ. రాతపూర్వకంగా అడిగితే మూడు పనిదినాలు..." అంటూనే వాడు తన మాట తనే విని ఆగిపోయాడు.

పెద్దాయన గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. కార్డులు నంబరు వరసలోనే ఉంటాయి, అలా సర్దింది ఆయనే. మూటకి అయిదొందలు. ఎనభై ఆరు వందలంటే పద్దెనిమిదో మూట. కుట్టు పళ్ళతో తెంపాడు. మోకాళ్ళమీద కూలబడి కట్టలు బయటికి లాగాడు. ఎనభై ఆరు పది, ఎనభై ఆరు ఇరవై అయిదు... వేళ్ళకి పాత లెక్క దానంతటదే గుర్తొచ్చింది. ఎనభై ఆరు ముప్ఫై తొమ్మిది. తన దస్తూరీయే.

"రాసుకోమ్మా! నీళ్ళ ట్యాంకు వెనక రెండో సందు, మూడో ఇల్లు, మేడమీద. గేటు పక్క స్తంభం నంబరు పద్నాలుగు. డ్రైవరుకి స్తంభం చెప్పు, తొందరగా దొరుకుతుంది!"

మూడూ ముప్ఫై ఆరు. నలభై ఎనిమిదికి ఆమె మళ్ళీ చేసింది. "దొరికారు సార్! మెట్లమీంచి పడ్డారట, బతికే ఉన్నారు. తీసుకెళ్తున్నారు." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పెద్దాయన ఆ దుమ్ములో కూర్చునే ఉత్తర్వు రాశాడు. మొదటి వాక్యం రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. 'ఈ మరణానికి దారితీసిన అలవాటు పందొమ్మిదేళ్ళ క్రితం నా సంతకంతో మొదలైనది. ఆపరేటరుది తప్పు కాదు.' రెండో వాక్యంలో మార్పు ఆపేశాడు. మూడూ యాభై రెండుకి సంతకం పెట్టి శిష్యుడి చేతిలో పెట్టాడు. ఈ సంతకం వణుకుతూ వచ్చింది. శిష్యుడు చదివి, ఫోన్ తీసి, "నాలుగింటిది ఆపేయండి," అని ఎవరికో చెప్పాడు.

"పోనీలే," అన్నాడు పెద్దాయన గోడకి చేరగిలబడి. "మారిపోయిన రెండువేల మూడొందలకీ కార్డులున్నాయి. ఈ రాత్రికి మనుషుల్ని కూర్చోబెట్టి ఎక్కించెయ్యి."

టెక్నీషియన్ మూటలవైపు చూశాడు, ఆ తర్వాత నేల చూశాడు.

అప్పుడు గుర్తొచ్చాయి పెద్దాయనకి, సుద్ద అంకెలు. పదిహేను నుంచి ఇరవై. చూసి కూడా అడగలేదు. అలసట మనిషి చేత ఏం చేయిస్తుందో మరొకళ్ళ విషయంలో ఇట్టే చెప్పేవాడు.

"మిగతా పద్నాలుగు మూటలూ ఏవి?"

"పొద్దున ఎనిమిదింటికి లారీ ఎక్కాయి సార్. ఇవి పట్టలేదని ఉంచేశారు. మిల్లులో మధ్యాహ్నం నుంచే నానబెడతారు."

ఫోను మళ్ళీ మోగింది.

"సార్, ఇంకొకటి. అదే అడ్రసు." ఆపరేటరమ్మాయి గొంతు ఇప్పుడు గట్టిగా, నమ్మకంగా ఉంది. ఆయన దగ్గర కార్డులున్నాయన్న నమ్మకం అది. "చివర్న ఇరవై ఒకటి నలభై. చెప్పండి సార్, రాసుకుంటాను."

ఇరవై ఒకటి నలభై. అయిదో మూట.

"సార్? వింటున్నారా? లైను కలుపుతాను, మీరూ వినండి."

కలిపింది. ఊపిరి వినపడింది. ఆ తర్వాత రిసీవరు మీద ఎవరో వేలితో తట్టారు. రెండుసార్లు. ఆగి, మళ్ళీ రెండుసార్లు.